సీటు కొఱకు ప్రార్థన

బండారులంకలో మగ్గపు గుంటలో కాళ్లు దింపి కూర్చుండి, తెగిన పడుగు పోగును ముడివేసి మరల నాడె నడపు నేతగాడు, కుమారునకు ఇంజనీరింగు సీటు వచ్చునా రాదా యను చింతతో అయినవిల్లి సిద్ధివినాయకునకు మ్రొక్కుకొనుటలో వింత యేమియు లేదు. పరీక్షల కాలమునకు ముందు ఆ స్వామి సన్నిధిని లక్ష కలములకు పూజ జరిపి విద్యార్థులకు పంచిపెట్టుట కోనసీమ యెఱిగినదే. (ప్రవేశపరీక్ష యిప్పుడు కంప్యూటరుపై జరుగుచున్నది గనుక ఆ కలము అచట చిత్తులెక్కలకే పనికివచ్చును, స్వామికి అభ్యంతరమున్నట్లు తోచదు.) నన్ను తొలుచు ప్రశ్న వేఱు. ఉన్నది యొక సీటు, కోరువారు పదుగురు. అందొకడు దైవమును వేడినచో తక్కిన తొమ్మండుగురి గతి యేమి?

మన పూర్వమీమాంసకులకు కౌన్సెలింగు తెలియదు గాని, ఫలాపేక్షతో చేయు కర్మల తారతమ్యము చక్కగా తెలియును. వాన కొఱకు చేయు కారీరీష్టి ఫలించినచో యజమానుని చేనితోపాటు పొరుగువాని చేనును తడియును. స్వర్గకాముడు స్వర్గమును పొందినంతమాత్రమున మఱియొకనికి అందు చోటు తగ్గునని యే శాస్త్రకారుడును చెప్పలేదు. శత్రువినాశము కొఱకైన శ్యేనయాగమును మాత్రము, అది వేదోక్తమే యైనను, అనర్థహేతువగుటచే ధర్మము కాదని శబరస్వామి వేఱుపఱచెను. సీటు కొఱకైన ప్రార్థన యీ రెండు తెఱగులలో దేనికి చుట్టము?

చదివినది సమయమునకు జ్ఞప్తికి తెమ్మని వేడుట కారీరి కోవలోనిదే. ర్యాంకు సాపేక్షము కదా యని తార్కికుడు అడ్డురావచ్చును. కాని నా జ్ఞప్తి పొరుగువాని జ్ఞప్తిని హరింపదు. ర్యాంకు వెలువడిన పిమ్మటనే చిక్కు. "బాబూ, ముందు కాకినాడ జేఎన్టీయూ ఎట్టండి, తర్వాత వైజాగు ఆంధ్రా యూనివర్సిటీ" యని నెట్‌సెంటరు కుఱ్ఱవానికి చెప్పుచు తండ్రి తెరవంక చూచు ఆ రాత్రి, మార్కులును ర్యాంకును ఇక మాఱునవి కావు. కోరినవారిలో మేలైన ర్యాంకుకే సీటు దక్కును గనుక, ఇప్పుడు దైవము కదల్పవలసినది పైనున్నవానినే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి నూటికి 85 సీట్లు స్థానికులవి. కావున ఆ పైవాడు దూరదేశీయుడు కాక, అయినవిల్లి వరుసలో తనకు ముందు నిలిచిన రాజోలు పిల్లవాడే కావచ్చును. ద్వేషలేశము లేకున్నను ఈ మ్రొక్కుపై శ్యేనపు నీడ వాలినదని నా తలంపు.

తప్పించుకొను త్రోవ యొకటి కలదు. పైవాడు తొలగవలెనని కాక, వానికి తాను మిక్కిలి మెచ్చిన చోటు మఱియొకటి దొరకవలెనని వేడవచ్చును. స్వార్థమునకై పరహితమును కోరుటలో కొంత హాస్యము లేకపోలేదు. ఐనను రెండవ విడతలో, పైవారు మేలైన చోటికి పోగా ఖాళీపడిన సీట్లు క్రిందివారికి దక్కుట కలదు గదా.