నాకు షుగరు లేదండీ!

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన పెద్దాయన్ని పలకరించడానికి వెళ్తే, "నాకు షుగరు లేదండీ, బీపీ ఒక్కటే" అంటారు ధీమాగా. ఆ ధీమాకు ఆధారమేమిటి? ఎప్పుడో చేయించుకున్న పరగడుపు పరీక్ష.

స్వీడన్ డాక్టర్లు దాంతో సరిపెట్టుకోలేదు. షుగరు ఉన్నట్టు అంతకుముందు తేలని 181 మంది గుండెపోటు రోగులను తీసుకుని, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలాగి రక్తం పరీక్షించారు. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. దాదాపు మూడోవంతు మందికి షుగరే ఉంది. మరో మూడోవంతు మంది దాని గడప దగ్గరున్నారు.

ఇదెలా జరుగుతుందంటే, కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. క్లోమం ఊరుకోదు, ఇంకా ఇంకా ఇన్సులిన్ విడుదల చేసి చక్కెరను అదుపులో పెడుతుంది. ఏళ్ల తరబడి రిపోర్టు బాగానే ఉంటుంది. లోపల మాత్రం ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, రక్తనాళాలు దెబ్బతింటాయి. 1988లో జెరాల్డ్ రీవెన్ అనే అమెరికన్ వైద్యుడు ఈ ముఠాకు 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టారు. చివరికి క్లోమం అలసిపోతుంది. అప్పుడు కూడా చాలామందిలో చక్కెర ముందు బయటపడేది తిన్న తర్వాతే!

సన్నగా ఉన్నాం కదా అనుకోకండి. మనవాళ్లలో మగవారికి నడుము 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే చాలు, జాగ్రత్తపడాల్సిందే.

మీ ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారుంటే, ఈసారి డాక్టరును కలిసినప్పుడు గ్లూకోజు తాగించి చేసే పరీక్ష గురించి తప్పక అడగండి.