ఇంకెన్నాళ్లు?

2024 ఆగస్టు నెలంతా నాకో అలవాటు ఉండేది. పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, లాప్‌టాప్ తెరిచి, టెర్మినల్‌లో అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టేవాణ్ణి. కొత్త విడుదల ఏదీ లేదని అది జవాబిచ్చేది. మూత వేసి ఆఫీసుకి పోయేవాణ్ణి.

నిజానికి కొత్త విడుదల ఉంది. ఉబుంటు 24.04 ఏప్రిల్ 25నే వచ్చేసింది. నా దగ్గరున్నది 2022 నాటి 22.04. రెండూ ఎల్‌టిఎస్‌లే, అంటే రెండేళ్లకోసారి వచ్చి ఐదేళ్లపాటు మరమ్మతులు అందుకునే రకం. కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లకి ఏప్రిల్‌లోనే తలుపు తెరుస్తారు. పాత ఎల్‌టిఎస్ మీదున్న నాలాంటివాళ్లకి మాత్రం 24.04.1 అనే మొదటి సవరణ వచ్చాకే పిలుపు. అది ఆగస్టు 15న అన్నారు. 29కి జరిగింది. హమ్మయ్య అనుకునేలోపు అప్‌గ్రేడ్ చేసే ప్రోగ్రాంలోనే పెద్ద బగ్ బయటపడి, తెరిచిన తలుపు మళ్ళీ మూశారు.

నాకు కోపం వచ్చింది. ఈ వ్యాసం ఆ కోపం గురించే.

ముందు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నా లాప్‌టాప్‌కి ఏ లోటూ లేదు. దానికి 2027 దాకా భద్రతా సవరణలు వస్తాయి. ఏప్రిల్ 24న నాకు బంగారంలా కనిపించిన యంత్రం, రెండ్రోజుల తర్వాత పాతదైపోయింది. దాని లోపల ఒక్క ఫైలూ మారలేదు. మారింది నా చూపు. మనం ఎదురుచూసేవాటిలో సగం ఇలాంటివే అనుకుంటా. అవసరం పుట్టి ఎదురుచూడం, ఎదురుచూపు మొదలయ్యాక అవసరం పుడుతుంది.

సరే, కోరిక సంగతి అలా ఉంచండి. అసలు రూపాయి ఇవ్వని చోట కోపగించుకునే హక్కు నాకుందా? మన పెద్దవాళ్ల సామెత ఒకటుంది కదా, పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు. ఆ సామెత ప్రకారం నేను నోరు మూసుకోవాలి. కానీ అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు. ఊరికే ఇచ్చేదైనా "ఫలానా రోజు ఇస్తాను" అన్నాక అది మాట అవుతుంది. ఆ మాటని నమ్ముకుని నేను నా పనులు సర్దుకుంటాను. దానం మీద నాకు హక్కు లేకపోవచ్చు, మాట మీద కొంతైనా ఉండాలి. ఆ కొంత ఎంత అన్నదే ప్రశ్న.

ఉబుంటు చరిత్రలోనే దీనికి ఒక జవాబు దొరికింది నాకు. వాళ్ల మొట్టమొదటి ఎల్‌టిఎస్ 2006 ఏప్రిల్‌లో రావాలి. ఇంకా చెక్కాల్సింది ఉందని ఆరు వారాలు వాయిదా వేసుకుని, జూన్ 1న విడుదల చేశారు. వాళ్ల లెక్కలో వెర్షన్ నంబరంటే సంవత్సరం, నెల. 6.04 కావాల్సింది 6.06 అయింది. ఆలస్యాన్ని దాచకుండా పేరులోనే రాసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పేరు పలికితే ఆలస్యం వినబడుతుంది.

దీని పక్కన ఇంకో రకం ఆలస్యాన్ని పెట్టి చూడండి. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. రాత్రి తలుపు తట్టే దెయ్యం అది చదివి వెళ్లిపోవాలి, మర్నాడూ వచ్చి అదే చదవాలి. ఆ రేపు ఎప్పటికీ రాకూడదనే ఆ రాత. పింఛను కోసం, సర్టిఫికెట్ కోసం కౌంటర్ల ముందు నిలబడేవాళ్లకి చాలాసార్లు వినిపించేది ఆ రేపే. వాళ్లకి వెళ్లి ఓర్పు గురించి చెప్పడం అన్యాయం. "ఇంకెన్నాళ్లు?" అని వాళ్లు అరవాల్సిందే.

మరి నా "ఇంకెన్నాళ్లు?" కూడా అలాంటిదేనా? కాదని నాకు నేర్పింది ఎక్స్‌జెడ్ కథ.

ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్లని కుదించే చిన్న ప్రోగ్రాం. లినక్స్ ప్రపంచమంతా వాడుకునేది, చాలా ఏళ్లు ఒక్క మనిషి ఖాళీ సమయంలో మోసుకొచ్చినది. 2022లో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఆయనకి రాయడం మొదలెట్టారు. పని నత్తనడక నడుస్తోంది, వేరేవాళ్లకి అప్పజెప్పు అని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని పని అనీ ఆయన బహిరంగంగానే చెప్పుకున్నాడు. అయినా వాళ్లు వదల్లేదు. చివరికి, ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చిన జియా టాన్ అనే పేరుకి తాళాల్లో వాటా దక్కింది. 2024లో ఆ పేరు నుంచే లక్షల సర్వర్లలోకి దొడ్డిదారి తెరిచే కోడ్ చేరింది. లాగిన్ కావడానికి అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి చూడబట్టి, మార్చి 29న బయటపడింది. ఆ దెబ్బకి 24.04 బీటాని వారం వాయిదా వేసి, అనుమానం ఉన్న ప్యాకేజీలన్నీ మళ్ళీ కట్టారు.

ఆ ఒత్తిడి పెట్టిన పేర్లు దొంగ పేర్లేనని చాలామంది నమ్మకం. కానీ అవి ఎందుకు పనిచేశాయి? అచ్చం నాలా మాట్లాడాయి కాబట్టి. విసుగుపడే వాడుకరి గొంతు ఎంత మామూలంటే, దాన్ని ముసుగుగా తొడుక్కున్నా ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నేను ఓర్పుగా ఆగితే 24.04.1 దానంతటదే మెరుగై రాదు. ఏప్రిల్‌లోనే దూకినవాళ్లు దెబ్బలు తిని, ఏది ఎక్కడ విరిగిందో రాసి పంపితే, ఆ మరమ్మతులన్నీ కలిపితే అయిన సవరణ అది. తలుపు మళ్ళీ మూసింది కూడా ముందు వెళ్లినవాళ్లు చెప్పబట్టే. నా క్షేమం వాళ్ల తొందర మీద నిలబడింది. ఆగడం నా గొప్పతనం కాదు, నా వంతుకి వచ్చిన సుఖం.

ఇదంతా తెలిశాక నేను బాగుపడ్డానా అంటే లేదు. నా స్నేహితుడొకడు ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు, తెలుగులో అక్షరదోషాలు పట్టే చిన్న ప్రోగ్రాం రాస్తుంటాడు. కొత్త వెర్షన్ దసరాకి అన్నాడు. సంక్రాంతి దాటింది. ప్రతి ఆదివారం "ఏమైందిరా?" అని మెసేజ్ పెట్టేవాణ్ణి, ప్రోత్సాహం అనుకుని. ఒకరోజు ఫోన్ చేసి అన్నాడు, "నువ్వు అడిగినప్పుడల్లా దాన్ని తెరవాలంటేనే భయమేస్తోందిరా."

ఏం చెప్పాలో తోచలేదు. తేదీ అడిగే హక్కు నాకుందని అప్పటిదాకా అనుకున్నాను. నాకు రావాల్సింది తేదీ కాదు, నిజం. పని ఆగిందా, నడుస్తోందా, ఎక్కడ ఆగింది, అంతవరకే. అది వాడు అడక్కుండానే చెప్పి ఉంటే బాగుండేది. కానీ చెప్పగలిగేలా నేనూ అడగలేదు.

"ఎక్కడ ఆగింది?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, సంధి కలిసిన మాటల్ని అన్నిటినీ తప్పులుగా చూపిస్తోందని చెప్పాడు. పరీక్షించడానికి సరైన మాటల జాబితా ఒకటి కావాలట. ఆ రాత్రి కూర్చుని రెండొందల మాటలు రాసి పంపాను. ఈ ఆదివారం ఇంకో రెండొందలు.

వెర్షన్ ఎప్పుడొస్తుందో అడగలేదు. నా లాప్‌టాప్‌లో 24.04 వచ్చి చాలాకాలమైంది. ఏం మారిందని ఎవరైనా అడిగితే, ఆలోచించి చెప్పాలి.