ఆ కేక వినాలి ముందు

1996 ఏప్రిల్. దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ నగరం. వర్ణవివక్ష పాలనలో జరిగిన ఘోరాలపై వేసిన సత్య, సయోధ్య కమిషన్ తొలి విచారణలో నొమోండే కలాటా సాక్ష్యం చెబుతున్నారు. 1985 జూన్‌లో వర్ణవివక్ష ప్రభుత్వ పోలీసులు ఆమె భర్త ఫోర్ట్ కలాటాను, మరో ముగ్గురు ఉద్యమకారులను దారిలో కారాపి పట్టుకుని చంపేశారు. అప్పటికామె కడుపుతో ఉన్నారు. చెబుతూ చెబుతూ ఒక్కసారిగా వెనక్కి వాలి పెద్దగా కేక పెట్టారు. ఏ అనువాదకుడూ అక్కర్లేని కేక. విచారణ ఆగిపోయింది. మళ్లీ మొదలైనప్పుడు అధ్యక్షుడు ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ ప్రశ్నలు వేయలేదు. అంత్యక్రియల్లో నల్లవారు పాడుకునే ‘సెంజెనీనా’ పాట ఎత్తుకున్నారు. హాలంతా గొంతు కలిపింది.

మనమైతే తొందరపడతాం. ‘‘పోనీలేమ్మా, జరిగిందేదో జరిగింది, మనసులోంచి తీసెయ్’’ అంటాం. మంచి మనసుతోనే అంటాం. ఏడుస్తున్నవాళ్లకు మాత్రం అది నోరు నొక్కినట్టే ఉంటుంది.

పోతన భాగవతంలో ద్రౌపది గుర్తుకొస్తుంది. నిద్రలో ఉన్న తన ఐదుగురు బిడ్డలనూ చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఎదుట నిలబెట్టాడు. వదిలేయమంది ఆమె. అతని తల్లి కృపికి తన కడుపుకోత రాకూడదంది. ఆ పెద్ద మనసును పురాణాల్లో చెప్పుకుని కళ్లొత్తుకుంటాం. కానీ చూడండి, చంపినవాడు తలదించుకుని ఆమె ముందే ఉన్నాడు. చేసిన పని అందరికీ తెలుసు. క్షమించమని ఆమెపై ఒత్తిడి పెట్టినవాళ్లు లేరు. ప్రాణం దక్కినా తలమీది మణి దక్కలేదు అతనికి.

టూటూ కమిషన్ 21,000 మందికి పైగా బాధితుల గోడు నమోదు చేసింది. నిజం దాచకుండా చెప్పినవారికే క్షమాభిక్ష అంది. 7,000కు పైగా దరఖాస్తులు వస్తే 849 మందికే అది దొరికింది. కలాటా హత్య కేసులో ఆరుగురు పోలీసులకు 1999లో నిరాకరించారు. కమిషన్ తన పని తాను చేసింది. ఆ తర్వాత వాళ్లను బోనెక్కించాల్సిన ప్రభుత్వాలు ఎక్కించలేదు. పైకి పక్కు కట్టిన పుండు లోపల చీముపట్టింది.

2025 జూన్‌లో, సరిగ్గా నలభై ఏళ్లకు, ఆ హత్యలపై కోర్టు విచారణ మళ్లీ మొదలైంది. భార్యలు ముసలివాళ్లయ్యారు, బిడ్డలు నడివయసుకొచ్చారు. ఆ ఆరుగురిలో ఒక్కరూ బతికి లేరు. క్షమిద్దామనుకున్నా, ఎదుట నిలబెట్టడానికి మనిషి లేడు.