వేలికొసల అభ్యాసయోగం

నిద్ర లేవగానే అరచేతులు చూసుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. వేలికొసల్లో లక్ష్మి, అరచేతి మధ్యలో సరస్వతి, మొదట్లో గోవిందుడు ఉంటారని నమ్మకం. మరి ఆ చెయ్యి ఏ మిషన్లోనో పడి నలిగి, కట్టులో ఉన్నవాళ్ల మాటేమిటి? కుడిచెయ్యి ఆడకపోతే అన్నం కలుపుకోవడమే కాదు, తీర్థం పట్టడం, పిల్లల నెత్తిన అక్షింతలు వేయడం కూడా ఆగిపోతాయి. ‘ఎడమచేత్తో ప్రసాదం తీసుకోవచ్చాండీ?’ అని గుడిలో బెరుగ్గా అడిగేవాళ్లుంటారు. నిస్సంకోచంగా తీసుకోండి. ఆకైనా, పువ్వైనా, నీళ్లయినా భక్తితో ఇస్తే చాలన్న గీతాచార్యుడు ఏ చేత్తో ఇవ్వాలో చెప్పలేదు.

ఆపరేషన్ కొన్ని గంటల్లో ముగుస్తుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే. వేళ్లను ముడిచే టెండన్లు తెగితే సర్జన్ వాటిని కలిపి కుడతారు. కుట్టిన టెండన్‌ను కదలనివ్వకపోతే చుట్టూ ఉన్న కండకు అతుక్కుని వేలు బిగుసుకుపోతుంది. ఆత్రంకొద్దీ గట్టిగా లాగితే కుట్టు తెగుతుంది. అందుకే స్ప్లింట్ వేసి, కొద్దిరోజుల్లోనే థెరపిస్టు చెప్పినంత మేరకు, చెప్పినన్ని సార్లు కదిలించమంటారు. బరువులెత్తాలంటే దాదాపు మూడు నెలలు ఆగాలి.

మనసును నిలపడం ఎలాగని అర్జునుడు అడిగితే కృష్ణుడు అభ్యాసం, వైరాగ్యం రెండూ కావాలన్నాడు. రెండూ ఎందుకు కావాలో కుట్లు పడ్డ వేలు చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ నాకు చెప్పలేదు. అభ్యాసం మానితే బిగుస్తుంది. ఇవాళే పిడికిలి పట్టేయాలన్న ఆశ వదలకపోతే తెగుతుంది. పతంజలి ఇంకో మాట కలిపారు: దీర్ఘకాలం, విడవకుండా, ఆదరంతో చేసిన అభ్యాసమే స్థిరపడుతుందని. ఈ మూడింటిలో ఆదరమే కష్టం. ‘ఈ చెయ్యి ఇక దేనికీ పనికిరాదు’ అని విసుక్కుంటూ వేలు వంచేవాళ్లకు థెరపీ ఒక శిక్ష. అదే కదలికను పూజలో పువ్వు వేసినంత శ్రద్ధగా చేస్తే అది ఉపాసన.

నరం కూడా తెగి ఉంటే ఓపిక మరింత కావాలి. కుట్టిన నరం సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలికొసకు స్పర్శ చేరడానికి ఆరు నెలలో, అంతకుమించో పడుతుంది. ఆ దారిలో జివ్వుమనే తిమ్మిర్లు వస్తాయి. చాలామంది వాటికి భయపడతారు. తరచుగా అవి నరం ముందుకు వస్తోందనడానికి గుర్తులు. అలాగని నొప్పినంతా పళ్లబిగువున భరించడమే తపస్సు అనుకోవద్దు. వాపూ నొప్పీ పెరుగుతుంటే ఆగి, డాక్టరుకు చెప్పాలి.

నొప్పి విలువ తెలిసిన సర్జన్ పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకు వెల్లూరంటే పెద్దాసుపత్రే. ఎవరూ ముట్టుకోని కుష్ఠురోగుల చేతుల్ని ఆయన తన చేతుల్లోకి తీసుకున్నారు. నొప్పి తెలియకపోవడం వల్లే వాళ్ల వేళ్లు కాలి, కోసుకుపోయి పాడవుతున్నాయని గమనించారు. నొప్పిని దేవుడిచ్చిన వరమన్నారు. వంకరపోయిన వేళ్లకు ఆరోగ్యంగా ఉన్న టెండన్లను మళ్లించి ఆపరేషన్లు చేశారు. ఉంగరపు వేలి టెండన్‌ను బొటనవేలికి మళ్లిస్తే, రోగి మొదట్లో ఉంగరపు వేలిని వంచాలని తలచుకోవాలి. అప్పుడు బొటనవేలు కదులుతుంది. పాత ఆజ్ఞకు కొత్త వేలు పలికేలా మెదడు మళ్లీ నేర్చుకోవాలి. ఆయన అక్కడితో ఆగలేదు. చక్కబడ్డ చేతులకు వడ్రంగం నేర్పించారు. చేయడానికి పని లేకపోతే చేతికి వైద్యం పూర్తికాదని ఆయన నమ్మకం. నాదీ అదే.

అందుకే ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం. కట్టు ఉన్నన్నాళ్లూ ముద్దలు కలిపి నోట్లో పెట్టండి. అన్నం కలుపుకోవచ్చని థెరపిస్టు అన్న రోజు నుంచి మాత్రం ‘నేను తినిపిస్తాలే నాన్నా’ అని కంచం లాక్కోకండి. మెతుకులు కింద పడనివ్వండి. పప్పన్నం చల్లారినా సరే, ఆ భోజనం ముగిసేదాకా పక్కన కూర్చోండి.