దయకు తెలివి వలదా?

మహాభారతము విన్నవారికి చివరి కుక్క జ్ఞాపకముండును. తనను నమ్మి వెంట వచ్చిన దానిని విడిచి ధర్మరాజు ఇంద్రుని రథమెక్కనొల్లడు. మొదటి కుక్కపిల్ల మాత్రము పలువురికి జ్ఞాపకముండదు. ఆదిపర్వారంభమున జనమేజయుని తమ్ములు ఏ తప్పు చేయని సరమ కొడుకును యజ్ఞభూమి నుండి కొట్టి తరిమిరి. తల్లి సరమ వచ్చి రాజునే నిలదీసినది. నన్నయ భారతమునందును ఈ కథ కలదు. అడుగుటకు తల్లి లేని పిల్ల మాటయేమి?

చెరకుతోట గట్టున కన్నులైన తెరవని పిల్ల యొకటి దొరికినదనుకొందము. ఇంటికి తెచ్చినవారు ఆవుపాలు కాచి, దానిని పసిబిడ్డవలె వెల్లకిల పరుండబెట్టి, దూదివత్తితో నోట పోయుదురు. ప్రేమకు లోటు లేదు. అయినను తెల్లవారుసరికి పిల్ల చనిపోవచ్చును. వెల్లకిల త్రాగించిన పాలు ఊపిరితిత్తులలోనికి పోగలవు. అభిషేకమునకు శ్రేష్ఠమైన ఆవుపాలే ఈ పిల్లకు చాలవు. తల్లికుక్క పాలలో మాంసకృత్తులును క్రొవ్వును సుమారు రెట్టింపు. పైగా, చల్లబడిన పిల్లకు ఏ పాలును జీర్ణము కావు.

బుద్ధి మంచిదైనచో దోషము లేదని పెద్దలందురు. మొదటిసారి తెలియక చేసినవానిని ఎవరును తప్పు పట్టరు. కాని అడిగిన చెప్పగల పశువైద్యుడు పట్టణముననే యుండగా అడుగకుండుట తెలియమి యగునా, సోమరితనమగునా? పోసినవాని సంకల్పము ఆ చిన్న ఊపిరితిత్తులకు తెలియదు.

మనుష్యులే ఆకలిగొని యుండగా కుక్కపిల్లకేల ఇంత శ్రమయను ప్రశ్నయు కలదు. ఇది తేలిక ప్రశ్న కాదు. నటాలు తోటలలో పూర్వులకు బియ్యము, పప్పు కొలిచి యిచ్చెడివారు. అట్టి యింట ఒక గరిటెడు వేరొక ప్రాణికి తీయుట సామాన్యమైన పని కాదు. నేడు ఆ కొలతలు లేవు. నేడు కొరతయైనది నిద్రయే.

ఏలనన చేయవలసిన పని యిట్టిది. మొదట గుడ్డలో చుట్టిన వేడినీళ్ళ సీసా ప్రక్కనుంచి పిల్లను మెల్లగా వెచ్చబరుపవలెను. పిమ్మట బోర్ల నుంచి, కుక్కపిల్లలకై చేసిన పాలపొడిని గోరువెచ్చగ కలిపి, రెండు మూడు గంటలకొకసారి, అర్ధరాత్రియు తప్పక, కొద్దికొద్దిగా పట్టవలెను. ప్రతిసారి గోరువెచ్చని తడి దూదితో వెనుకభాగము మెల్లగా తుడువవలెను. తల్లి నాకనిదే ఆ వయసు పిల్లకు మలమూత్రములు రావు; సుమారు మూడు వారములు ఇదే సేవ. దినదినము తూచి చూడవలెను. బరువు పెరుగనిచో వైద్యుని యొద్దకు పోవలెను.

పది మొదలు పదునాలుగు దినములకు కన్నులు తెరచును. అప్పటికిని చూపు మసకయే. అన్ని రాత్రులు మేలుకొన్నవారి ముఖము దానికి స్పష్టముగ కనబడదు.