నీళ్ళలో ఉండీ వాడిపోయే పువ్వు

1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. అప్పటికాయనకు 26 ఏళ్ళు. ఏటా ఆ రోజున మన్యంలో విగ్రహాలకు వేసే బంతిదండలు మధ్యాహ్నం ఎండకే సొమ్మసిల్లుతాయి. దండకు తడిగుడ్డ కప్పడం మినహా మనం చేయగలిగింది లేదు. కాడతో కోసి గాజుపాత్రలో నిలబెట్టిన పువ్వు సంగతి వేరు. దానికి ఇంకా తాగే శక్తి ఉంది.

మరి నిండు పాత్రలో ఉన్న గులాబి రెండోనాటికే మెడ ఎందుకు వాల్చేస్తుంది? కోసిన క్షణంలో కాడలోని సన్నని నాళాల్లోకి గాలి చొరబడుతుంది. నీళ్ళలో మునిగిన ఆకులు కుళ్ళుతాయి, సూక్ష్మజీవులు పెరిగి కోసిన మొనను జిగురుతో మూసేస్తాయి. చుట్టూ నీరే, లోపలికి చుక్క దిగదు. పువ్వు దాహంతో పోతుంది.

మనలో చాలామంది స్థితి ఇదే. ఇంట్లో భాగవతం ఉంది, ఉదయాన్నే టీవీలో ప్రవచనం ఉంది, కార్తీకమాసంలో పురాణ కాలక్షేపం ఉంది. శ్రవణానికి కొరత లేదు, మననమే సాగదు. ‘నాకు తెలుసు’ అన్న గాలిబుడగ ఒకటి దారికి అడ్డంగా కూచుంటుంది. పువ్వుకైతే మందు సులువు. కాడను నీళ్ళలో ముంచి, పదునైన చాకుతో అంగుళం మేర ఏటవాలుగా మళ్ళీ కోయాలి, మునిగే ఆకులన్నీ తీసేయాలి. మనిషికి ఆ రెండో కోత తగలడమే కష్టం.

తరవాత లీటరు నీటికి రెండు చెంచాల పంచదార, రెండు చెంచాల నిమ్మరసం. పంచదార పువ్వుకు ఆహారం. నేలసంపెంగ కాడకు పైనున్న మొగ్గలు విచ్చుకునేది దాని బలంతోనే. కానీ ఒక్క పంచదారే వేస్తే పువ్వుకన్నా ముందు సూక్ష్మజీవులు విందు చేసుకుంటాయి. నిమ్మ పులుపు వాటిని అదుపులో పెట్టి, నీరు పైకెక్కే దారిని సుగమం చేస్తుంది. భక్తిలోని తీపికి వివేకం పులుపు తోడు కావాలి. ఈ మధ్య మన సభల్లో పంచదార వంతు పెరిగి, నిమ్మకాయ పిండేవారు తగ్గారనే నా అనుమానం.

పూజగదిలో మనం చేసే పొరపాటు ఇంకోటుంది. మగ్గిన అరటిపళ్ళ పక్కనే పూలు పెడతాం. పండే పళ్ళు విడిచే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్ లాంటివి రేకులు ముడుచుకుపోతాయి. చేమంతి అంతగా లెక్కచేయదు. గీతలో కృష్ణుడు పత్రం, పుష్పం, ఫలం, తోయం నాలుగూ స్వీకరిస్తానన్నాడు, నిజమే. అర్పించమన్నాడు గానీ ఫలాన్ని దగ్గర పెట్టుకుని దానికేసే చూస్తూ కూచోమనలేదు. సీతారామరాజు స్వరాజ్యానికి 23 ఏళ్ళ ముందే పోయాడు. ఫలం కంటబడకపోయినా ఆయన పని వాడలేదు.

ఇంత శ్రమ దేనికి, ఎలాగూ రాలిపోయేదే కదా అంటారు. పూలు తమ గోడు వెళ్ళబోసుకునే కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ విన్న తెలుగువాడు అలా అనలేడు. అష్టపుష్పాల మానసపూజలో మొదటి పువ్వు అహింస. చేతిలో ఉన్నదేమో కోసిన పువ్వు. కొమ్మ నుంచి విడదీసిన పాపం మనదే కాబట్టి దాని మిగిలిన రోజుల బాధ్యతా మనదే. రోజు విడిచి రోజు పాత నీళ్ళు పారబోసి, పాత్ర తోమి, కాడ మొన కాస్త కోసి, మళ్ళీ కొత్తనీళ్ళు పోయాలి.