ఆటలో ఆడబొమ్మ

హింసాత్మకమైన వీడియో గేములు ఆడే పిల్లలు హింసాత్మకంగా తయారవుతారా? నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లలో ఎక్కువమంది మగపిల్లల తల్లులే. పరిశోధనలు ఇచ్చిన జవాబు మాత్రం ఒక్కటి కాదు. ఈ ఆటలకూ దూకుడుతనానికీ సంబంధం ఉందని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2015లో తీర్మానించింది. 2020లో దాన్ని సవరిస్తూ, అరవడం, తొయ్యడం లాంటివాటితో స్వల్పమైన సంబంధం ఉందనీ, నిజజీవితంలో జరిగే దారుణాలను ఈ ఆటలకు అంటగట్టడానికి తగిన ఆధారాలు లేవనీ చెప్పింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు సుమారు వెయ్యిమందిని పరిశీలించినప్పుడు అసలు సంబంధమే కనబడలేదు.

'మావాడు హంతకుడవుతాడా?' అన్న భయానికి ఈ జవాబు చాలు. కానీ నైతిక ప్రశ్న అక్కడితో ముగిసిపోతుందా?

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అతి హింసాత్మకమైన గేములు అమ్మకూడదని కాలిఫోర్నియా 2005లో చట్టం చేసింది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. గ్రిమ్ సోదరుల కథల్లో మాత్రం క్రౌర్యం లేదా అన్నది మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా వాదన. విభేదించిన జస్టిస్ బ్రేయర్ ఒక చిక్కు ప్రశ్న వేశాడు. పదమూడేళ్ల పిల్లవాడికి నగ్నస్త్రీ బొమ్మ ఉన్న పత్రిక అమ్మడాన్ని చట్టం ఆపగలదు. అదే పిల్లవాడు ఒక స్త్రీని కట్టేసి, హింసించి, చంపే ఆట కొనుక్కుంటే ఆపలేదు. ఇదేం న్యాయం?

నేను నిషేధాన్ని కోరడం లేదు. కానీ ఆ ప్రశ్న బయటపెట్టిన తూనికరాళ్లను చూడమంటున్నాను. స్త్రీ శరీరం కనిపిస్తే అశ్లీలం. అదే శరీరాన్ని ముక్కలు చేస్తే భావప్రకటన! ఈ తూనిక అమెరికాది మాత్రమేనా? సినిమాలో ముద్దు సీను రాగానే మన ఇళ్లల్లో రిమోట్ వెతుక్కుంటాం. హీరో హీరోయిన్‌ని చెంపమీద కొడితే వెతుక్కోం.

2001లో వచ్చిన 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో 3'లో ఆటగాడు ఒక వేశ్యకు డబ్బిచ్చి, తర్వాత ఆమెను చంపి ఆ డబ్బు తిరిగి తీసుకోవచ్చు. అలా చెయ్యమని ఆట ఆదేశించదు. చేస్తే మాత్రం డబ్బు దొరుకుతుంది. ఇది ఆడిన పిల్లవాడు బయట ఎవరినీ కొట్టకపోవచ్చు. అయినా ఎవరి చావు చావులా అనిపించదో ఆ ఆటలో అతనికి తెలిసొస్తుంది. అరుపుల్నీ తోపుల్నీ లెక్కపెట్టే కొలతకి ఇది అందదు.

పాత కథల్లోనూ ఈ క్రౌర్యం ఉందన్న మాట నిజమే. శూర్పణఖ ముక్కుచెవులు కోసిన కథను మనం పిల్లలకి నవ్వుతూనే చెప్తాం. కానీ సాహిత్యం అక్కడే ఆగిపోలేదు. ఓల్గా 'సమాగమం' కథలో సీతను శూర్పణఖ దగ్గరకి నడిపించింది. ఆ కథను ఎవరూ తగలబెట్టనక్కర్లేకపోయింది. ముక్కు కోయించుకున్న మనిషి వైపునుంచి చూడటమే కావలసివచ్చింది.

పిల్లలు ఆడుతున్నప్పుడు పక్కన కూచుని మనం చెయ్యగలిగిందీ అదే. 'ఆవిడెవరు? ఎందుకు చచ్చిపోయింది? నువ్వు ఆవిడగా ఆడచ్చా?' అని అడగడం. నిషేధం కన్నా ఇది కష్టం. ఎందుకంటే ఆ తర్వాత మనం చూసే సీరియల్ గురించి వాళ్లూ ఇవే ప్రశ్నలు అడుగుతారు. జవాబు చెప్పాల్సింది అప్పుడు మనమే.